అడుగు వల అడిగిన అక్క

కాకినాడలో అక్క గుండెపోటుతో పోయిందని ల్యాబ్ గ్రూపులో మెసేజ్ వస్తే నేను నమ్మలేదు. ఎవరి ఫోనో ఎవరో వాడి ఉంటారనుకున్నాను. దుబాయ్ అల్ కుసైస్‌లో ఇదివరకు ఆమెతో ఒకే గదిలో ఉన్న నర్సుకు ఫోన్ చేసి, ఆవిడ ఏడుపు విన్నాకే నమ్మాను. చెప్పిందల్లా నమ్మొద్దని నాకు నేర్పింది అక్కే మరి. వరసకు అక్క కాదు, ఉద్యోగంలో నా సీనియర్.

ఉమ్ అల్ క్వైన్‌లోని మా ల్యాబ్‌కు ఉత్తర ధ్రువం దగ్గరి చలి సముద్రాల నుంచి సీసాలు వచ్చేవి. వాటిలో జంతుప్లవకాలు, అంటే నీళ్లలో తేలే నూకగింజంత జీవులు ఉండేవి. ఏ ఋతువులో ఏ రకాలు, ఎంత ఒత్తుగా ఉన్నాయో మైక్రోస్కోపులో చూసి చెప్పడం మా పని. అక్క సీలు తీయని పాల ప్యాకెట్‌ను కూడా వాసన చూసేది. నేను కడిగిన గాజు పళ్లేన్ని మళ్లీ కడిగేది. నాకు ఒళ్లు మండేది. ఇవాళ నాకు చూడ్డం వచ్చిందంటే మాత్రం ఆ సతాయింపు వల్లే.

కరోనా సద్దుమణిగాక ఒక చలికాలపు పెట్టె వచ్చింది. వసంతంలో కిక్కిరిసి ఉండే సీసాలు దాదాపు ఖాళీ.

“ఖలాస్ అక్కా, అన్నీ చచ్చిపోయినట్టున్నాయి” అన్నాను.

“చావడం నువ్వు చూసేవేంటే? చలికాలం అవి అడుక్కి పోయి పడుకుంటాయి. ఓడవాళ్లు వల పైపైనే లాగేసుంటారు. అడుగు వల సీసాలేయి?”

మేనేజర్ను అందరం ముదీర్ అనేవాళ్లం. ఆయనకు రిపోర్టు వెంటనే కావాలి. సముద్రం ఖాళీ అని సంతకం పెట్టమన్నాడు. అక్క వీసా రెన్యువల్ ఆయన చేతిలోనే ఉంది. పెట్టెయ్యమని నేను బతిమాలాను.

“అనుమానం వచ్చేక పెడితే అది నా సంతకం ఎలాగవుద్దే?” అంది. అడుగు వల సీసాలు పంపమని ఓడవాళ్లకు మెయిల్ పెట్టింది.

అడుగు వల సీసాల పెట్టె వచ్చిన రోజు పొద్దున్నే, అక్క వీసా పొడిగించడం లేదని ముదీర్ చెప్పాడు. ఖర్చులు తగ్గిస్తున్నారట. ఆ మాట మీద నాకు ఇప్పటికీ అనుమానమే.

వెళ్లి సామాన్లు సర్దుకోవాల్సిన మనిషి, కోటు తొడుక్కుని మైక్రోస్కోపు ముందు కూర్చుంది. పళ్లేన్ని అటూ ఇటూ జరుపుతూ వరసగా చూసింది. తర్వాత లేచి, “దా, చూడు” అని కుర్చీ నాకిచ్చింది.

పళ్లెం నిండా ఉన్నాయి. గాజులాంటి ఒక్కో ఒంట్లో, చలికాలం గడవడానికి దాచుకున్న నూనె బొట్టు మెరుస్తోంది.

సాయంత్రం తిరగరాసిన రిపోర్టు మీద అక్క సంతకం పెట్టింది. సిరా ఆరేదాకా కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది.