దుమ్ము మీద మోపిన నేరం

నేను బద్వేలులో తెలుగు టీచర్ని. మా మామను మంత్రాలయం తీసుకుపోతూ దారిలో కర్నూలులో ఒక కెమెరా కొన్నాను. ఫోను ఉండగా కెమెరా ఎందుకని ఇంట్లో అందరూ ముందే అడిగారు. పిట్టల్ని ఫొటోలు తీయాలని నాకు చాలాకాలంగా ఆశ.

మరుసటి ఉదయం తుంగభద్ర ఒడ్డున మామను నిలబెట్టి పన్నెండు ఫొటోలు తీశాను. గదికొచ్చి చూసుకుంటే పన్నెండింటిలోనూ మామ మసకగా ఉన్నారు. ఆయన వెనక పంచె పిండుకుంటున్న ఎవరో మనిషి మాత్రం చేతిమీది పచ్చబొట్టుతో సహా స్పష్టంగా వచ్చాడు.

"ఈయప్ప ఎవురమ్మా?" అన్నారు మామ.

తెలియదన్నాను.

"తెలీని మనిషిని ఇంత బాగా తీసినావే. నా దగ్గరికొచ్చేసరికి ఏమాయె?"

తిరుగు ప్రయాణంలో నేరుగా ఆ కొట్టుకే వెళ్లాం. కొట్టాయన కెమెరాను వెలుతురుకు పెట్టి చూసి, "లోపల దుమ్ము పోయిండాది మేడమ్. మీరు సరిగ్గా వాడలేదు. వారంటీ రాదు" అన్నాడు. కొని రెండు రోజులే అయిందన్నాను.

"మీది ఏ ఊరు?"

"బద్వేలు."

"అదే మరి" అన్నాడు, రోగం తెలిసిపోయిన డాక్టరులా.

మామ ముందుకు జరిగారు. "ఏమప్పా, ఆ కెమెరా ఇంకా బద్వేలు మొహమే చూడలేదు. కొనింది ఈడ, తీసింది మంత్రాలయంలో. దుమ్ముంటే అది మీ దుమ్మే."

కొట్టాయన ఆ సంగతి వదిలేసి బిల్లు కింద అచ్చేసిన వాక్యం మీద వేలు పెట్టాడు. అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు. "కావాలంటే కేసేసుకోండి. వాయిదాలకు బద్వేలు నుంచి కర్నూలుకు తిరగల్సింది మీరే" అన్నాడు.

ఆ మాటకు నేను నిజంగానే భయపడ్డాను. ఇంటికొచ్చి కెమెరాను బీరువాలో చీరల మధ్య పెట్టేశాను. వారంపాటు మామ రోజూ కెమెరా సంగతి ఏం చేశావని అడిగితే, చివరికి ప్రభుత్వ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి అంతా విన్నది. లోపమున్న సరుకు అమ్మి, బిల్లు మీద ఏం అచ్చేసుకున్నా బాధ్యత పోదని చెప్పింది. ముందు కొట్టుకూ కంపెనీకీ ఉత్తరం రాయమంది. వినకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చని, వకీలు కూడా అక్కర్లేదని చెప్పింది. "అంటే కర్నూలుకు తిరగక్కర్లేదా?" అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ విసుక్కోకుండా అక్కర్లేదంది.

ఆ సాయంత్రమే రాయడానికి కూర్చున్నాను. నాలుగు పేజీలైంది. మామ చదివించుకుని, "పంచె పిండే ఆయప్ప సంగతి రాయలేదే" అన్నారు. అదీ చేర్చి, ఫొటో జతచేసి, రెండు ఉత్తరాలూ రిజిస్టర్ పోస్టులో పంపాను.

పది రోజులకు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఆ ఫొటో చూశామని, తప్పు దుమ్ముది కాదని, ఫోకస్ భాగమే తయారీలో చెడిందని అన్నారు. కెమెరాను కొట్టులో ఇస్తే ఉచితంగా బాగుచేస్తామన్నారు. ఇవ్వడానికొకసారి, తెచ్చుకోవడానికొకసారి, కేసు లేకుండానే కర్నూలుకు రెండుసార్లు తిరిగాను.

రెండోసారి కొట్టాయన కుర్చీ వేసి టీ తెప్పించాడు. కెమెరా పరీక్షించడానికి ఆయన్నే ఒక ఫొటో తీశాను. కళ్లద్దాల మీది గీత కూడా పడింది. అది చూసి తలూపి, గొంతు తగ్గించాడు.

"మేడమ్, మా ఇంట్లో కొత్త ఫ్రిజ్జు నెల నుంచి చల్లబడ్డంల్యా. అమ్మినోళ్లను అడిగితే మీ వీధి కరెంటుదే తప్పంటాండారు. మీ లెటరు శానా బాగుండాది. అట్లాంటిది నాకొకటి రాసిస్తారా?"

బిల్లు తెమ్మన్నాను. కొట్టు మూసి ఇంటికి పోయి తెచ్చాడు. కౌంటర్ మీదే రాసిచ్చి, బద్వేలు బస్సెక్కాను.