పాతగుడ్డల మూటలో వచ్చిన చొక్కా

ఒక చొక్కా ఎంత బరువుంటుంది? పావుకిలో కూడా ఉండదు. పాతగుడ్డలు తూకమేసి బతికినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. ఆ పావుకిలోను ఇన్నేళ్ళుగా దించుకోలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే, వ్యవహారం ఇంతదాకా వచ్చేదే కాదు.

ప్రొద్దుటూరులో మా మేనమామకు పాతగుడ్డల గోడౌను ఉండేది. బి.కాం. చదివి ఉద్యోగం దొరక్క అందులో చేరాను. పల్లెల్లో ఆడవాళ్ళు పాతబట్టలిచ్చి స్టీలు గిన్నె తీసుకుంటారు. గిన్నెలమ్మేవాళ్ళు ఆ బట్టలను మూటగట్టి మాకమ్ముతారు. మేం గుండీలూ కాలర్లూ తీసేసి, ముక్కలు కోసి, లారీ షెడ్లకు తుడుచుకునే గుడ్డగా పంపుతాం. నూలు నూనెను పీలుస్తుంది కాబట్టి దానికి విలువ. అందులోనూ తెల్ల నూలుకు ఇంకా విలువ. పాలిస్టరును ఎవరూ పలకరించరు.

అవి పార్టీల పేరుతో తలలు తెగే కాలం. జమ్మలమడుగు వైపు మూటైనా, పులివెందుల వైపు మూటైనా, ఏ వర్గపు ఊరైనా మగవాళ్ళవి తెల్లబట్టలే. బయట ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు మా గోడౌనులో లారీకెక్కించే ఒకే బేలు కట్టలో సర్దుకునేవాళ్ళు. మా మామ దాన్ని దేశసేవ అనేవాడు.

కత్తిపీట ముందు కూచుని గుడ్డలు కోసేవాళ్ళలో నాగమ్మక్క ఒకతె. చాపాడు దగ్గర పల్లె. ఆమె మొగుడు ఓబులేసు ఒక నాయకుడి జీపు తోలేవాడు. పెద్ద మంచివాడని చెప్పలేను. జీపు మాత్రం బాగా తోలేవాడు. ఒకసారి అతని చొక్కా లోపలి జోబి చినిగితే, మా కుప్పలోంచే ఒక ఆకుపచ్చ రవికె ముక్క ఏరి, అన్నం తినే వేళ అతుకు వేసిచ్చింది. తెల్లచొక్కా లోపల చిలక దూరినట్టుందని నేనే ఎగతాళి చేశాను.

ఎలక్షన్లకు ముందు ఓబులేసు జమ్మలమడుగు పోయొస్తానని పోయినాడు. జీపు దొరికింది. మనిషి దొరకలేదు. శవం లేదు గనక కేసూ లేదు. బెంగుళూరులో ఎవతెనో పెట్టుకుని ఆడికే పోయినాడని ఎదుటివర్గం పుకారు లేపింది. కొన్నాళ్ళకు సొంత వర్గమూ అదే చెప్పసాగింది. అందరికీ చవగ్గా పడే కథ అది.

కొన్ని నెలల తర్వాత ఒక ఊరి నుంచి మూట వచ్చింది. ఊరి పేరు ఇప్పుడు కూడా రాయను. తూకం పెరగాలని మూట నడుమ తడిగుడ్డలు దూర్చడం మామూలే గనక, కొనేముందు నడుమ దాకా చెయ్యి పెట్టి చూడటం నా పని. చూశాను. తడి లేదు. చేతికి చిక్కిందాన్ని బయటికి లాగితే తెల్ల ఖద్దరు చొక్కా. లోపలి జోబికి ఆకుపచ్చ అతుకు. పక్కటెముకల దగ్గర రెండు చీలికలు. బాగా ఉతికారు. అయినా చీలికల చుట్టూ గోధుమరంగు నీడ పోలేదు.

మనిషిని మాయం చేయగలిగినవాళ్ళు చొక్కాను కాల్చలేకపోయారు. గట్టి నూలు గదా, ఊరికే బూడిద చేయడమెందుకని ఏ ఇల్లాలో అనుకునుంటుంది. ఇస్తే గిన్నె వస్తుంది. మా సీమలో గుడ్డను వృథా చేయరు.

నాగమ్మక్క అటు పక్కనే ఉంది. తలెత్తింది.

"ఏందప్పా, సంకలో దూర్చుకుంటాండావు? పట్టుగుడ్డ దొరికిందా ఏంది?"

"నా పెండ్లి చొక్కా అక్కా. మా మామ కొత్తది కొనిచ్చేట్టు లేడు."

"గుడ్డలు తూకమేసేవానికి పిల్లనెవరిస్తారప్పా?" అని నవ్వింది. శానా నవ్వింది. మొగుడు పోయినాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

నవ్వుతున్న మనిషికి ఆ మాట ఎట్లా చెప్పేది అనుకున్నాను. ఎంత మర్యాదస్తుణ్ణో చూడండి.

అందరూ పోయినాక ఆమె కత్తిపీట ముందే కూచుని ఆ చొక్కాను కోశాను. వంకరటింకరగా వచ్చింది. ఆకుపచ్చ ముక్కను రంగుల కుప్పలో కలిపాను.

ఎందుకు చెప్పలేదు? చెబితే మూట ఏ ఊరిదని అడుగుతారు, మూట తెచ్చిన గిన్నెలామె గొంతు పట్టుకుంటారు, ఆమె ఒక గడప చూపిస్తుంది, ఆ గడప ముందు ఇంకెన్ని చొక్కాలు చిరుగుతాయో అని భయపడ్డాను. శాంతి కోసం నోరు మూసుకున్నానని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. కొంత నిజం కూడా. కానీ ఆ ఊరి నుంచి మంచి తెల్లగుడ్డ వచ్చేది. మా మామ దాన్ని వదులుకోడు. నా మెడ మీద నాకూ ప్రేమ ఉంది. ఈ మూడింటిలో ఏది ఎక్కువ తూగింది? తూకమేసేవాణ్ణే, ఇప్పటికీ తేల్చలేను. తేల్చలేనా, తేల్చనా?

నాగమ్మక్క బొట్టు తీయలేదు. మొగుడు తిరిగొస్తే తలనీలాలిస్తానని బ్రహ్మంగారి మఠంలో మొక్కుకుంది. భూమిలో భాగమడిగితే, 'వాడే వచ్చి అడగనీ' అన్నారు మరుదులు. మొగుణ్ణి నిలుపుకోలేని ఆడదని ఊరంతా అంది. అవన్నీ ఒక ఎత్తు, వాళ్ళ కూతురిది ఒక ఎత్తు. ఆ పిల్ల, తల్లిని ఏడిపించి పోయినవాని పేరు ఎత్తొద్దని పళ్ళు కొరుకుతూ పెరిగింది.

ఈ మధ్య ఆ పిల్ల పెండ్లి జరిగింది. పత్రికలో తల్లి పేరొక్కటే వేయించింది. 'కీర్తిశేషులు' అనడానికి లేదు, 'శ్రీ' అనడానికి ఆ పిల్లకు మనసు రాలేదు. నేను పెండ్లికి పోయాను. భోజనాలు బాగున్నాయని నాగమ్మక్కతో అన్నాను. ఇంకోసారి వడ్డించుకోమంది. వడ్డించుకున్నాను. తిని వచ్చేశాను.

ఆ పందిట్లో చెప్పాల్సిన మాట ఇక్కడ చెబుతున్నాను. ఓబులేసు ఎవతెతోనూ పోలేదు. అతన్ని చంపేశారు. ఆ రోజు అతను ఒంటి మీద వేసుకున్నది పెండ్లాం అతుకు వేసిచ్చిన చొక్కా. ఇది రాశాక నాకు కొంచెం ఊపిరాడుతోంది. ఆ పిల్ల మాత్రం ఇంకా తండ్రిని తిట్టుకుంటూనే ఉంది.