మార్తమ్మ రెండో సాక్ష్యం

అక్టోబరు వచ్చిందని మదనపల్లెలో అందరికంటే ముందు తెలిసేది మార్తమ్మ ముక్కుకే. క్యాలెండరులో కాగితం తిప్పకముందే తుమ్ములు మొదలవుతాయి. ఒకటీ రెండూ కాదు, వరసగా పదకొండు, పన్నెండు. భర్త బర్నబాస్ పేపరు చదువుతూనే పైకి లెక్కపెట్టి, "నిన్నటికంటే రెండు జాస్తి" అంటాడు. ఆమెకు ఒళ్ళు మండుతుంది. తిడదామని నోరు తెరిస్తే ఇంకో తుమ్ము వస్తుంది.

ఆ నెలలో ఊళ్ళో ఎక్కడ ఖాళీ స్థలం ఉంటే అక్కడ వయ్యారిభామ మొక్క పూసి ఉంటుంది. పేరు చూసి మోసపోకూడదు. తెల్లగా, సన్నగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఊరందరి ముక్కుల్లో దూరే పిశాచి అది. దాని పుప్పొడికి పొద్దుటి మంచు కూడా తోడైతే తుమ్ములు దగ్గులోకి, దగ్గు ఆయాసంలోకి దిగుతుంది. ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. సంక్రాంతి దాటాక మెల్లగా సర్దుకుని, ఎండలు ముదిరేసరికి ఆ జబ్బు ఎప్పుడూ లేనట్టే మాయమవుతుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

ఈ సంగతి మార్తమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కలికిరి దగ్గర శెనక్కాయ చేలల్లో కూలి చేసిన అమ్మానాన్నలకు పుట్టి, ఎనిమిది చదివి, మిషన్ ఆస్పత్రి పిల్లల వార్డులో ఆయాగా చేరి ముప్పై ఏళ్ళు పనిచేసింది. ఆ జీతంతోనే ఒక్కో గదీ కట్టి ఇల్లు నిలబెట్టింది. ఆయాసంతో వచ్చిన పిల్లలకు ఆవిరిమందు పెట్టాలంటే నర్సులు ఆమెనే పిలిచేవాళ్ళు. మాస్కు చూసి గుక్కపట్టే పిల్లలు ఆమె ఒళ్ళోకి రాగానే ఊరుకునేవాళ్ళు. అలాంటి మనిషి చేసిన పొరపాటు ఇది. అందుకే చెప్పడం.

మే నెలలో పుంగనూరు చర్చిలో మూడు రోజుల ప్రార్థన కూటాలు జరిగాయి. ఒక సాయంత్రం పాస్టరు జాన్సన్ గారు, "దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే ముందుకు రండి" అన్నారు. మార్తమ్మ లేచింది. నిజంగానే ఆమె మనసు నిండి ఉంది. మూడు నెలలుగా ఒక్క పిల్లికూత లేదు, మేడమెట్లు ఎక్కినా ఆగి నిలబడాల్సిన పని లేదు. ఆ మేలుకు దేవుడికి వందనాలు చెప్పుకుని కూర్చుందామనుకుంది, అంతే. కానీ మైకు చేతికొచ్చి, నాలుగు వందల ముఖాలు తన వైపు తిరిగాక మాట దానంతటదే నడిచింది.

"తొమ్మిదేండ్ల దమ్ము జబ్బు నా ప్రభువు తీసేసినాడు" అంది.

"హల్లెలూయా!" అంది సంఘమంతా.

ఆ హల్లెలూయాకు ఒళ్ళు పులకరించి ఇంకో మాట జారిపోయింది. "నా పంపు చెత్తబుట్టలో పారేసినాను!"

పారేయలేదు. ఆమె పీల్చే మందు, అందరూ పంపు అని పిలిచే ఆ చిన్న నీలం డబ్బా, ఇంట్లో బీరువాలో చీరల కింద భద్రంగా ఉంది. అబద్ధమాడాలని ఆడలేదు పాపం. ఉన్న సంతోషానికే ఇంకొంచెం నెయ్యి వేసి వడ్డించాననుకుంది. కూటం అయ్యాక ఎందరో వచ్చి చేతులు పట్టుకున్నారు. వాళ్ళలో కుప్పం నుంచి వచ్చిన ఫెబా అనే టీచరమ్మ ఒకతె. ఆమె తన ఆరేళ్ళ కూతురు మెర్లిన్‌ను ముందుకు తోసి, "మా పాపకు గూడా ఇదే జబ్బు పెద్దమ్మా, తలమీద సెయ్యి పెట్టు" అంది. మార్తమ్మ చెయ్యి పెట్టింది. ఫోన్ నంబరు కూడా ఇచ్చింది.

అక్టోబరు ఎవరి సాక్ష్యాన్నీ లెక్కచెయ్యదు. వచ్చింది. తుమ్ములూ వచ్చాయి, వెనకే పిల్లికూతలూ వచ్చాయి. చర్చిలో ఎవరైనా, "ఇప్పుడు బాగుండావు గదా మార్తమ్మా?" అంటే, "బాగుండాను" అని నవ్వి, పాట రెండో చరణానికల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేసేది. ఇంటికి ఎవరైనా వస్తే స్నానాలగదిలోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున పంపు పీల్చేది. ఒకరోజు బర్నబాస్ తలుపు బయట నిలబడి, "ఎవురికి తెలీకూడదని ఇదంతా? పాస్టరుకా, దేవుడికా?" అన్నాడు. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

నవంబరులో ఒక పొద్దున ఫోను మోగింది.

"పెద్దమ్మా, కుప్పం నుంచి ఫెబాను. మెర్లిన్‌కు రెండు దినాలుగా ఆయాసంగా ఉండాది. ఆయన పొద్దున్నే బెంగళూరు ట్రైనుకు పన్లోకి పోయినాడు. ఫోన్లోనే కొంచెం ప్రార్థన చెయ్యమ్మా."

"పంపు ఇచ్చినావా?"

"యాడి పంపు పెద్దమ్మా? నువ్వు సాక్ష్యం సెప్పిన వారమే మేమూ పారేస్తిమి గదా!"

మార్తమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. "ఫోను పాప దగ్గర పెట్టు" అంది.

"అ... వ్వా" అంది మెర్లిన్. ఆ రెండక్షరాల మధ్య ఒక శ్వాస తీసింది. ముప్పై ఏళ్ళు వార్డులో విన్న చెవి అది. ఇంకేమీ వినాల్సిన అవసరం రాలేదు.

"ఫెబా, ఇప్పుడే ఆటో ఎక్కి ఆస్పత్రికి పో. ప్రార్థన నేను చేస్తాండాను, నువ్వు బయల్దేరు."

అవతల ఫెబా తటపటాయించింది. "ఇన్ని నెలలు విశ్వాసంతో ఉండి... ఇప్పుడు పోతే నమ్మకం లేనట్టు కాదా పెద్దమ్మా? నువ్వయితే పోతావా?"

దేవుడే డాక్టర్లను ఇచ్చాడు తల్లీ, పో అని ఒక మాటనేసి తప్పించుకోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఫెబా నమ్మింది ఆ మాటను కాదు, తన పంపు చెత్తబుట్టలో ఉందన్న మాటను. అది తీసేస్తే తప్ప ఈ తల్లి గడప దాటదు.

"నేను పారేయలేదమ్మా" అంది మార్తమ్మ. "అబద్ధం సెప్పినాను. నా పంపు నా దగ్గరే ఉండాది. ఈ పొద్దు గూడా పీల్చినాను. బిడ్డనెత్తుకోని పో తల్లీ, నీకు దండం పెడతా."

అవతల ఫోను కట్టయింది. మార్తమ్మ సంచి తీసుకుని బస్టాండుకు బయల్దేరింది.

మదనపల్లె నుంచి కుప్పం పోవాలంటే పుంగనూరు, పలమనేరు దాటాలి. మూడు గంటల పైమాటే. బస్సు కిటికీ అద్దం బిగుసుకుని మూతపడలేదు. పుంగనూరు రాకముందే దుమ్ముకీ చలిగాలికీ ఆమె ఛాతీ పట్టేసింది. సంచిలోంచి పంపు తీసి, బస్సులో అందరి ముందూ పీల్చింది. ఆరునెలలుగా దేనికి భయపడిందో అది జరిగిపోయింది. పక్క సీటు ముసలాయన చూసి, "సంచి కొంచెం పక్కకు జరుపమ్మా" అన్నాడు, అంతే. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "పాపను కాపాడు తండ్రీ, నన్ను తర్వాత చూసుకుందువు గానీ" అని దారంతా అదే ప్రార్థన చేసింది.

ఆమె కుప్పంలో దిగి వెతుక్కుంటూ పోయేసరికి ఆస్పత్రిలో మెర్లిన్ మంచం మీద కూర్చుని మాస్కును రెండు చేతులా తోసేస్తూ ఏడుస్తోంది. ఏడ్చినకొద్దీ ఎగశ్వాస పెరుగుతోంది. మార్తమ్మ ఎవర్నీ అడక్కుండా వెనక నుంచి పాపను ఒళ్ళోకి తీసుకుంది. మాస్కు ముఖానికి నొక్కకుండా, కొంచెం ఎడంగా, ఆవిరి ముక్కుకు తగిలేట్టు పట్టుకుని, "ఇది నీకు కాదులే, నాకే. నువ్వూరికే సూస్తాండు" అంది చెవిలో. పాప చూస్తూ చూస్తూనే పీల్చింది. రెండో విడత మందుకు మాస్కు తానే పట్టుకుంది. మధ్యాహ్నానికి పక్కటెముకలు లోపలికి లాగడం తగ్గింది. మూడు గంటలకు బన్ను కావాలని అడిగింది.

పాప నిద్రపోయాక ఫెబా వరండాలోకి వచ్చి, మార్తమ్మ ముఖం చూడకుండా, "నా బిడ్డకేమన్నా అయింటే?" అంది.

"నిన్ను నమ్మినాను. దేవుడిని నమ్మినట్టే నమ్మినాను" అని ఫెబా వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదార్చడానికి చెయ్యి చాచే ధైర్యం కూడా మార్తమ్మకు లేకపోయింది. తప్పు తనదేనని, ఫెబాది కాదని మాత్రం రెండుసార్లు చెప్పి, సాయంత్రం బస్సుకు వచ్చేసింది.

ఆ నెలాఖరులోనే పుంగనూరు చర్చిలో చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలన్నీ కలిసే కోత పండుగ. అక్కడ లేచి అంతా చెప్పేస్తానంది మార్తమ్మ. బర్నబాస్ ఈసారి ఎగతాళి చెయ్యలేదు. "ఇంట్లో మోకాళ్ళమీద దేవుడితో ఒప్పుకుంటే సాలదా? నలుగురిలో తలొంచుకోవాల్నా?" అన్నాడు మెత్తగా.

"సెప్పింది మైకులో గదప్పా" అంది ఆమె.

కోత పండుగకు చర్చి నిండా చెరుకు గడలు, గుమ్మడికాయలు, వరి పనలు. మైకు స్టాండుకు బంతిపూల దండ. మార్తమ్మ దాని ముందు నిలబడేసరికే గొంతులో ఈల మొదలైంది.

"మే నెలలో... ఈడనే నిలబడి... పంపు పారేసినానని... సెప్పినాను" అంది. "అది... అబద్ధం."

తర్వాతి మాట రాలేదు. సిగ్గుతో కాదు, ఊపిరి లేక. జాన్సన్ గారు లేవబోయారు. ఆమె చెయ్యెత్తి ఆపి, పంపు తీసి ఊపి, నోట్లో పెట్టుకుని నొక్కింది. ఆ చప్పుడు మైకులోంచి, బయట కట్టిన స్పీకర్లలోంచి వీధి చివరిదాకా వినబడింది. మందు లోపల నిలవాలని పది లెక్కపెట్టేదాకా శ్వాస బిగబట్టింది. చర్చి అంతా కూడా బిగబట్టినట్టే కూర్చుంది.

"ఇప్పుడు సెప్తా" అంది. "దమ్ము తీసేసినాడని సెప్తిని. తీసేయలేదు. తోడుండాడు. మందిచ్చినాడు. నా మాట విని ఎవురన్నా మందు మానేసింటే ఈ పొద్దే మళ్ళా మొదలుపెట్టండి. నన్ను క్షమించండి."

ఎవరూ హల్లెలూయా అనలేదు. ఆమె పంపు చేత్తో పట్టుకునే మెట్లు దిగింది. ఆడవాళ్ళ వైపు చాపల మీద ఎక్కడా చోటు కనబడలేదు. వెనక వరసలో కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఫెబా, ఆస్పత్రి నాటి నుంచి ఆమెతో ఒక్క మాట మాట్లాడని ఫెబా, కొంచెం పక్కకు జరిగింది.

"ఈడ కూసో పెద్దమ్మా" అంది.