ఐదో దెబ్బ గట్టిగా

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయిందని మొన్న గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపమే వచ్చింది. దేవుడు ఆమెను ఇంత తొందరగా తీసుకుపోవాలా?

మేము నస్పూర్ బొగ్గుబాయి కార్మికుల పిల్లలం, తెలుగు మీడియం. పొడుగు ఇంగ్లీషు మాట కనబడితే బెంచీ కింద దూరేవాళ్లం. టీచరమ్మ వాళ్ల బాపు కూడా బాయిలోనే పనిచేశాడు. అక్కడ పైకప్పు కింద నిలబడే ముందు కర్రతో తట్టి చూస్తారు. గట్టి మోత వస్తే సరే, బోలు మోత వస్తే కప్పు కూలుతుందని వెనక్కి జరగాలి. ఆమె మాటల్నీ అట్లాగే తట్టించేది, పలికే ముక్కకో దెబ్బ, ఒత్తి పలికే ముక్కకు గట్టి దెబ్బ. రెస్పాన్సిబిలిటీకి బెంచీ మీద ఆరు దెబ్బలు, నాలుగోది గట్టిగా. పక్క కాన్వెంటు పిల్లలు నవ్వితే ఇంకా గట్టిగా కొట్టమనేది. మా వేళ్ల కణుపులు కందిపోయేవి.

ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకసారి చెప్పింది. బాపు దగ్గుతూ మంచం పట్టినప్పుడు డాక్టరు ఓ పొడుగు మాట అన్నాడట. ఇంటిల్లిపాదీ తల ఊపారట. అది ఊపిరితిత్తుల్లో పేరుకున్న దుమ్మని ఆమెకు తెలిసేసరికి బాపు లేడు. "తెల్వని మాటకు తల్కాయ ఊపకుండ్రి బిడ్డా," అనేది.

నేను మాత్రం ఊపాను. పోయిన నెల కరీంనగర్ ఆసుపత్రిలో ఆమె పక్కన నేనే ఉన్నాను. డాక్టరు కార్డియోమయోపతీ అనేసి తలుపు వైపు నడిచాడు. నేను బుద్ధిగా తల ఊపాను.

మంచం మీంచి గొంతు లేచింది. "ఏం సమజైందని ఊపినవే? డాక్టర్ సాబ్, జర ఆగుండ్రి. మెల్లగ మళ్లొక్కసారి అనుండ్రి."

సెలైన్ సూది ఉన్న చేత్తోనే మంచం ఇనుప చువ్వ మీద కొట్టింది. ఏడు దెబ్బలు, ఐదోది గట్టిగా. తర్వాత ముక్కముక్కకూ అర్థం అడిగింది. కార్డియో అంటే గుండె, మయో అంటే కండ, పతీ అంటే జబ్బు.

"గింతేనా? గుండె కండ పాడైంది. గీ ముచ్చటకు గంత పొడుగు పేరా?"

డాక్టరు నవ్వి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంకెన్ని రోజులని ఆమె సూటిగా అడిగింది. ఆయన తెలుగులో, దాచకుండా చెప్పాడు. ఆ మిగిలిన రోజుల్లో ఆమె పక్క మంచాల వాళ్ల మందుల చీటీలు అడిగి మరీ తీసుకుని, వాళ్లకు చదివి చెప్పింది.

సమాధి దగ్గర పాస్టరుగారు ఇది దేవుని చిత్తమన్నారు. అందరూ తలలు ఊపారు. నేను ఊపలేదు. పెట్టె దించే ముందు వంగి, మూత మీద కణుపులతో ఏడుసార్లు కొట్టాను, ఐదోది గట్టిగా.

బోలు మోత వచ్చింది. నేను వెనక్కి జరగలేదు.