దయ్యం ఎవరో చెప్పేశాను

ఈ రోజు నేనూ మా ఆవిడా సిరిసిల్లలో మ్యాట్నీకి వెళ్ళాం. దయ్యాల బంగ్లా కథతో వచ్చిన పాత సినిమానే మళ్ళీ తీశారు. పాతది ఆమె చూడలేదు. సగం కాకముందే భయపడి, "దయ్యమెవరో జెప్పయ్యా" అంది.

"వంట జేసే ముసల్ది" అని చెవిలో మెల్లగానే చెప్పాననుకున్నాను. పవర్‌లూమ్ సాంచెల చప్పుడులో బతికినవాణ్ణి, నా మెల్లమాటే హాలంతటికీ వినిపించింది. ముందు సీటు అమ్మాయి వెనక్కి తిరిగింది.

"ఏంది తాతా, ఇంటర్వెల్ గూడ కాలే. గిప్పుడే జెప్పేస్తివి?"

తల దించుకున్నాను.

పాత సినిమా ఆడినప్పుడు ముసలిది తలుపు తీయగానే హాల్లో జనం కేకలు పెట్టారు. ఈ రోజు ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

బయటికొచ్చాక మా ఆవిడ, "ఆఖర్ల గంత భయం గాలే" అంది.

ఆ ఆట చూసినవాళ్ళెవరైనా ఇక్కడుంటే, సినిమాను తిట్టకండి. నన్ను తిట్టండి.