నర్సమ్మ సందు

ఎనభయ్యో దశకం చివర్లో, ఒక జూన్ నెలలో నన్ను కలకత్తా పొలిమేరల్లోని ఒక పురపాలక సంఘానికి కంప్యూటర్ విభాగం అధికారిగా వేశారు. దాని పేరు ఇక్కడ అనవసరం. పారిశుద్ధ్య కార్మికుల హాజరుపట్టీని చేతిరాత నుంచి కంప్యూటర్‌కు ఎక్కించడం నా పని. కార్మికుల్లో చాలామంది శ్రీకాకుళం వైపు వాళ్లు. నేనూ తెలుగువాణ్ని గనక పని సులువవుతుందని పైవాళ్లు అనుకున్నారు. తీరా చూస్తే నేను కనబడగానే వాళ్ల మాటలు ఆగిపోయేవి. కంప్యూటర్ వస్తే ఉద్యోగాలు ఊడతాయని యూనియన్ గోడలమీద రాసిపెట్టింది. వాళ్లకు నామీద అనుమానం, నాకు వాళ్లమీద.

ముఖ్యంగా అప్పన్నమీద. అతను సర్దారు, అంటే ఒక జట్టు కార్మికులకు పెద్ద. రోజూ హాజరు వేసేది అతనే. ఆ జట్టులోని నర్సమ్మ ఊరెళ్లడానికి హౌరాలో రైలెక్కుతుంటే నేను కళ్లారా చూశాను. అయినా ఆ నెలంతా ఆమెకు హాజరు పడింది. దొంగ దొరికాడనుకున్నాను. అతన్ని మాత్రం అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడని భయం.

అంతలో నన్ను మూడు వారాల శిక్షణకు పంపారు. సంస్థల్లో కంప్యూటర్లను ఎలా నడిపించాలో అక్కడ కేస్ స్టడీలతో నేర్పేవారు. ఏదో ఒక ఆఫీసులో జరిగినదాన్ని పేర్లు మార్చి మన ముందు పెడతారు, మీరైతే ఏం చేస్తారని అడుగుతారు. చివర్లో ఎవరి ఆఫీసు గురించి వాళ్లు ఒకటి రాసివ్వాలి. నేను అప్పన్నను ‘ఒక పర్యవేక్షకుడు’గా మార్చి ఎనిమిది పేజీలు రాశాను. అందరూ మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే అనిపించింది.

శిక్షణకు పంపిన ఆఫీసుకు ఒక ప్రతి వెళ్తుందని నాకు తెలియదు. తిరిగొచ్చేసరికి అది మా హెల్త్ ఆఫీసర్ బల్లమీద ఉంది, పక్కనే అప్పన్నమీద విచారణ ఉత్తర్వు. మనిషి పేరు మార్చాను గాని నర్సమ్మ ఊడ్చే సందు పేరు అలాగే ఉంచేశాను.

విచారణలో అప్పన్న ఏదీ దాచలేదు. నర్సమ్మ లేనప్పుడు ఆమె తోటికోడలు ఊడ్చిందన్నాడు. వాళ్లలో అది ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు. ఒక్కో సందు ఒక్కో కుటుంబం బాధ్యత, ఆ ఇంట్లో ఎవరో ఒకరు చీపురు పట్టాలి. సందు ఊడిస్తే సర్దారు హాజరు వేస్తాడు. మా పట్టీలో అలాంటి దానికి గడి లేదు.

అప్పుడు అతను నావైపు తిరిగాడు.

“బాబూ, ఆ సందు ఒక్కనాడైనా ఊడవకుండా ఒగ్గేసినామేటి? నువ్వెల్లి సూసినావా?”

చూడలేదని చెప్పాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. నిబంధన ప్రకారం అతని సర్దారీ తీసేసి మళ్లీ చీపురు చేతికిచ్చారు. ఆ తర్వాత మా హాజరుపట్టీ సరిగ్గా ఉండేది. నర్సమ్మ రాని రోజుల్లో ఆ సందు ఊడ్చేవాళ్లు లేరు.

కొన్నేళ్లకు నేనే ఆ శిక్షణలో కేస్ స్టడీలు దిద్దాను. ఇందులో ఉన్న మనిషిని అడిగి రాశావా అన్నదే రాసినవాళ్లకు నా మొదటి ప్రశ్న. అడగకుండా నేను రాసింది వట్టి ఫిర్యాదు. ఆ సంగతి నేర్చుకున్నది నేను, శిక్ష పడింది అప్పన్నకు.