పాస్‌వర్డ్ సార్

పటాన్‌చెరు దగ్గరి ఆ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే దుర్గాప్రసాద్‌ను పిల్లలు పాస్‌వర్డ్ సార్ అనేవారు. ఎవరు మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయి వచ్చినా కళ్లజోడు నుదుటికి ఎత్తి, ఊరూ పేరూ అడిగి మరీ సరిచేసేవాడు. ఈ వేసవిలో పిల్లల మెయిళ్లన్నీ కొత్త సిస్టమ్‌లోకి మార్చాడు. ఇక పాస్‌వర్డ్ ఎవరి ఫోన్‌లో వాళ్లే మార్చుకోవచ్చని అందరికీ తనే రాసి పంపాడు. అప్పట్నుంచి ఆయన గది గడప తొక్కినవాళ్లు లేరు. తలుపు బార్లా తీసిపెట్టి ఒక్కడే టిఫిన్ తింటున్నాడు.

ఇవాళ సబియా వచ్చింది. "సార్, నా మెయిల్ తెరుచుకుంటలేదు." కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. ఏ ఊరమ్మా అంటే జోగిపేట అంది. బస్సులో సీటు దొరుకుతుందా అని అడుగుతూ ఒక్కో అక్షరమే కొట్టసాగాడు. ఇంతలో ఆమె స్నేహితురాలు తొంగిచూసింది.

"గిక్కడికెందుకొచ్చినవే? ఫోన్ల నొక్కితే అయిపోతది గదా!"

సబియా ఆయన వైపు తిరిగింది. "నిజమేనా సార్?"

"ఏమోనమ్మా, నాకు తెలియదు," అన్నాడు దుర్గాప్రసాద్, తెర మీంచి కళ్లు తిప్పకుండా.